ఐదూర్ల కట్టు

బీరమ్మ నెత్తి మీది గంప దించి ఇంక కూసోనే లేదు, మైసయ్య వచ్చి చేతికర్రతోని ఆ గంపను పక్కకు జరిపిండు. చేత్తోని గాదు, కర్రతోని. వాకిట్ల పండుకున్న కుక్కను జరిపినట్టు. గంపల ఉన్నినూలు ఉండలున్నయి. వాటిల ఒకటి దొర్లి మట్టిల పడ్డది. బీరమ్మ దాన్ని తీసి కొంగుతోని తుడుసుకుంట మైసయ్య మొఖం దిక్కు చూసింది. ఆమె చూపుకు మొగుడు ఐలేశమే భయపడ్తడు గని మైసయ్యకేం భయం? మందలపురం కురుమ పెద్దల మాటను అంగడంత తిరిగి చెప్పుడే ఆయన పని. చెప్పెటోనికి సిగ్గుండదు, వినెటోళ్లకే ఉంటది.

ఆయన చెప్పిన సంగతేందంటె, వచ్చే గురువారం నుంచి అంగట్ల గొంగడి వరుసల బయటూర్ల నూలు పెట్టొద్దు. బొచ్చు తెచ్చుకోవచ్చు. గొర్లకు కత్తిరిచ్చిన బొచ్చు మూటలకు మూటలు తెచ్చినా మంచిదే, అంగడి పన్ను గూడ అడగరు. ఏకి, వడికి, నూలు జేసి తెస్తెనే వద్దు. వడుకుడు పని ఇగ మందలపురం ఆడోళ్లే చేసుకుంటరు. ఆదివారం బీరప్ప గుడి ముంగట ఐదూర్ల కట్టు, అంటె పెద్దల పంచాయితి, కూసుంటది, అండ్ల పక్కా చేస్తరు.

"కట్టు ఇంక కూసోలేదు గదా, మరి గంపనెందుకు జరిపినవ్?" అని బీరమ్మ అడిగింది.

"అలవాటు కావాలె గదా," అన్నడు మైసయ్య. నవ్వుకుంట ముంగటికి పోయిండు.

అలవాటట! బీరమ్మది గుట్టకిందిపల్లె. పేరుకు తగ్గట్టే గుట్ట కింద పడి ఉన్న గుప్పెడు గడపలు. ఆ భూములు ఆముదాలకు, ఉలువలకు తప్ప దేనికీ పనికి రావు. ఎండలు ముదిరినంక మగోళ్లు మందలు తోలుకోని కిష్ణ ఒడ్డుకు పోతరు, మల్ల తొలకరికే వచ్చుడు. గన్ని దినాలు పొయ్యిల పిల్లి లేవాలంటె నూలు అమ్ముడుపోవాలె. బొచ్చు సంగతి వేరు. బొచ్చు కత్తిరిచ్చేది మగోళ్లు, బేరం జేసేది మగోళ్లు, పైసలు మొలల చెక్కుకునేది మగోళ్లు. అది నూలైతేనే ఆడిదాని చేతికొచ్చేది. గుట్టకిందిపల్లె నూలు సన్నగ, గట్టిగ ఉంటదని గొంగళ్లు నేసెటోళ్లందరు ముందుగాల ఆ గంపల కాడికే వస్తరు. పక్కనే మందలపురం నూలు పెట్టినా ముట్టరు. అసలు కథ అక్కడున్నది. మందలపురం పెద్ద కురుమయ్య ఇంట్ల కోడండ్లంత వడుకుతరు. వాళ్లు వడికిన నూలు అటకెక్కి ఎలుకలకు పరుపైంది.

అంగడి మొగదల రేకుల షెడ్డు కింద ఆముదాల కాంట ఉన్నది. దాని కాడ దేవరకొండ సేటు గుమస్త రామచంద్రం కూసుంటడు. నిన్నటి పేపరు ఇయ్యాల సదివి, సదివినదంత ఆముదాలు తెచ్చినోళ్లకు చెప్పుడు ఆయనకు మోజు. ఎవలు విన్నా వినకున్నా చెప్తడు. బీరమ్మ గంప తీసుకొచ్చి ఆ షెడ్డు నీడకు పెట్టుకున్నది. ఏమైందని ఆయన అడిగితె చెప్పింది. ఆయన పేపరు మడిచి తొడ కింద పెట్టుకున్నడు.

"ఇదేం కొత్త గాదు బీరమ్మా. మా సేటు నూనె మిల్లుకు యాడాది నుంచి తాళమెందుకున్నదనుకున్నవ్? సీమ దేశాలోళ్లు ఆముదాల గింజలైతె సుంకం లేకుండ దించుకుంటరట. అదే నూనె తీసి పంపితె సుంకమేస్తరట. గింజ ముద్దు, నూనె చేదు."

గట్ల ఎట్లేస్తరు, అడిగెటోళ్లు లేరా అన్నది బీరమ్మ. ఉన్నరని ఆయన చెప్పిండు. దేశాలన్ని కలిసి బేరాలకు ఒక కట్టు పెట్టుకున్నయి, జెనీవా అనే ఊర్ల కూసుంటయి, మన దేశం గూడ అండ్ల ఉన్నది. ఒకరికిచ్చిన సౌలతు అందరికి ఇయ్యాలె. పెద్ద దేశమైనా చిన్న దేశమైనా ఒక్కటే గొంతు. అందరు సరేనంటెనే కొత్త మాట నిలుస్తది. బీరమ్మకు నవ్వొచ్చింది. అచ్చం ఐదూర్ల కట్టు లెక్కనే ఉన్నది.

"మరి మనోళ్లు కాదనొచ్చు గదా," అన్నది.

"అనొచ్చు. నోరు తెరిచి కాదనకపోతె ఒప్పుకున్నట్టే లెక్క. అంత దూరం మనిషిని పంపి కూసోబెట్టే తాకత్ ఎన్ని దేశాలకున్నది?"

"పోనోళ్లు గొంగడి పంపుతరా?"

రామచంద్రానికి అర్థం కాలె. బీరమ్మ విడమర్చి చెప్పింది. కట్టుకు ఐదూర్ల కురుమ పెద్దలు రావాలె. గుడి ముంగట ముగ్గుతోని గుండ్రంగ గీత గీస్తరు, గీత లోపల ఊరికొక్క జాగ. వేల గొర్లున్న మందలపురానికి అంతే జాగ, గుట్టకిందిపల్లెకు అంతే జాగ. మాట తెగినంక పూజారి బండారి, అంటె బీరప్ప పసుపు తెచ్చి ఒక్కొక్కల నొసట పెడ్తడు. ఐదుగురు పెట్టుకుంటెనే ఆ మాట నిలుస్తది. ఏ ఊరి పెద్దయినా రాలేకపోతె ఆయన గొంగడిని పంపాలె. దాన్ని మడతబెట్టి ఆయన జాగల పరుస్తరు, దాని మీద చిటికెడు బండారి చల్లుతరు. మనిషి ఒప్పుకున్నట్టే.

"గొంగడి కాదనదు గదా," అన్నడు రామచంద్రం.

"అనదు," అన్నది బీరమ్మ. ఆమె నవ్వు అక్కడనే ఆగింది. గుట్టకిందిపల్లెకు పెద్ద ఆమె మామ గుర్వయ్యనే. మోకాలు నొప్పని ఆయన కట్టుకు పోక ఏండ్లాయె. ఆయన గొంగడే పోతాంది.

*

ఇంటికొచ్చేసరికి గుర్వయ్య అరుగు మీద కాలు చాపుకోని మోకాలికి ఆముదం రాసుకుంటున్నడు. ఈ దిక్కు నీళ్లకు ముసలితనం ముందుగాల మోకాళ్లకే వస్తది. గట్లని కదలలేని మనిషి గాదు. పొద్దుగాల చెలక దిక్కు పోయొస్తడు, కట్టెలకని గుట్ట గూడ ఎక్కుతడు. కట్టు అన్నప్పుడే ఆ మోకాలు ఎక్కువైతది. ఈ సంగతి ఇంటిల్లిపాదికి ఎరుకే, నోరు తెరిచి ఎవ్వరు అనరు.

బీరమ్మ అంగడి ముచ్చటంత చెప్పింది. చెప్తున్నప్పుడే ఆమెకు సమజైంది, ఈయనకిది ముందే తెలుసని. కొత్త ముచ్చటైతె మనిషి రాసుడు ఆపుతడు. గుర్వయ్య ఆపలే.

"మామా, నువ్వు పోలేక పోతలేవా, పోవద్దని పోతలేవా?"

మామను గట్ల అడిగిన కోడలు ఆ ఊర్ల ఇంతకు ముందు లేదు. లోపల్నించి అత్త గుర్వమ్మ దగ్గింది, ఊకోమన్నట్టు. బీరమ్మ ఊకోలే. జవాబు కోసం నిలబడ్డది.

గుర్వయ్య కోపం జేసుకోలే. కోపం జేసుకుంటె బీరమ్మకు నయముండు. "పోతె మాట్లాడాలె బిడ్డా. మాట్లాడితె కంచె పోతది," అన్నడు.

కంచె అంటె మందలపురం కంచె. కిష్ణ ఒడ్డు నుంచి మందలు తిరిగొచ్చే తొవ్వల ఇంత గడ్డి, కుంటల ఇన్ని నీళ్లు ఉన్న జాగ అదొక్కటే. అండ్లకెల్లి రానియ్యకుంటె గుట్ట సుట్టు తిరిగి రావాలె. రాళ్ల తొవ్వ, నీళ్ల చుక్క దొరకదు. పెద్ద గొర్లు ఎట్లనో వస్తయి గని పాలు మరువని పిల్లలు బతుకవు. ఐలేశం మందతోని ఇయ్యాలనో రేపో అన్నట్టున్నడు. పోయిన వారం కురుమయ్య మనిషిని పంపిండట. ఆ మనిషి కట్టు ముచ్చట తియ్యలే, నూలు ముచ్చట తియ్యలే. మీ మంద ఎప్పుడొస్తది, ఈసారి కంచెల గడ్డి మంచిగున్నది అని మాత్రం అన్నడట. గంతే. గా ఒక్క మాటకు గుర్వయ్య మోకాలు పట్టుకున్నది.

"నూలు పోతె ఇంకో పని చూసుకోవచ్చు. మంద పోతె ఏం చూసుకుంటం?" అన్నడు గుర్వయ్య. ఆదివారం గొంగడి నువ్వే తీస్కపో అన్నడు. ఇంట్ల మగోళ్లు లేరు గదా. ఆడిది గొంగడి మోసుకపోవచ్చు, గీత లోపల పెట్టి రావచ్చు. లోపల నిలబడుడు, కూసునుడు, మాట్లాడుడు మాత్రం లేదు.

ఇగ బీరమ్మకు కాలు నిలువలే, చెయ్యి నిలువలే. రాట్నం ముంగట కూసుంటె నూలు తెగుతాంది. అతుకుతె మల్ల తెగుతాంది. లేచి నీళ్లకు పోయింది, సగం బిందె తెచ్చింది. కోడిని కొట్టింది, కొట్టి మల్ల దానికే గింజలేసింది. అసలు గొంగడే తీస్కపోకపోతె? తొవ్వల ముండ్లకంపల పారేస్తె? అది గూడ ఆలోచన చేసింది. మనిషి రాక, గొంగడి గూడ రాకపోతె ఆ ఊరు కట్టుల నుంచి పోయినట్టే. నూలే కాదు, బొచ్చు గూడ అంగట్ల అడుగు పెట్టదు. పోకుంటె ఊరు పోతది, పోతె నూలు పోతది. ఎటు దిక్కు తిరిగినా మందలపురమే.

"గొంగడి పంపే రివాజు ఎవడు పెట్టిండత్తా? వాని చేతులిరగ," అన్నది.

చేతులిరగ అనకు, మంచికే పెట్టిండ్రు అన్నది గుర్వమ్మ. ఆమె చిన్నప్పుడు గత్తర రోగమొచ్చి ఊర్లకు ఊర్లు పండుకున్నయట. ఒక ఊర్ల పెద్దమనిషి, ఆయన కొడుకు ఇద్దరు పోయిండ్రట. కట్టుకు వచ్చెటోడు లేడు. ఆ ఊరిని ఇడిచిపెట్టి కట్టు కూసుంటె పాపమని, సచ్చినాయన గొంగడి తెప్పిచ్చి ఆయన జాగల పెట్టిండ్రట. చిన్న ఊరు లెక్కల నుంచి పోవద్దని పెట్టిన రివాజది. ఇప్పుడు లెక్కకైతె వస్తాంది. లెక్కకే వస్తాంది.

మరునాడు పొద్దుగాల గోపమ్మ ఇంటి ముంగట కొత్త గొంగడికి గంజి పెడ్తున్నరు. గోపమ్మ పక్కింటామె, బీరమ్మతోని అంగడికొచ్చే మనిషి. చింతగింజలు వేంచి, పొట్టు దీసి, నానేసి, రుబ్బి ఉడకబెట్టిన గంజి. చిక్కగ, జిగటగ పొంత కుండల కుతకుతమంటాంది. ఆ గంజి పట్టినంకనే గొంగడి వానకు ఆగేది. గోపమ్మ ఒక దిక్కు, బీరమ్మ ఒక దిక్కు పట్టి గొంగడిని గుంజి కట్టిండ్రు. బీరమ్మ కుంచె ముంచి పోగుల ఎంట రాసుకుంట పోతాంది. ఆ పనిల ఆమెకు జర నిమ్మలమైంది. చెయ్యికి పని దొరికితె మనసు నోరు మూసుకుంటది.

ఎండకు గొంగడి కటకట ఎండింది. గోపమ్మ దాన్ని తీసి, నడుమకు మడిచి, ఒక మూల ముడిచి తుమ్మముల్లు గుచ్చి కొప్పెర చేసింది. వానొస్తె గొర్లకాపరులు నెత్తికెల్లి కప్పుకునేది అదే. కొలత చూద్దామని చేసి, కింద పెట్టింది. అది పడలే. ముంగట మనిషున్నట్టే నిటారుగ నిలబడ్డది. కోళ్లు కొక్కొకో అనుకుంట ఉరికినయి.

"అగో, మా ఇంటోడొచ్చిండు," అని గోపమ్మ పడి పడి నవ్వింది.

బీరమ్మ నవ్వలే. చేతుల కుంచె అట్లనే ఉన్నది, గంజి బొట్లు బొట్లుగ కాలు మీద పడ్తాంది. పక్కనే తమ అరుగు మీద కూసోని చింతగింజల పొట్టు చెరుగుతున్న గుర్వమ్మ దిక్కు తిరిగి, కట్టుల ఎవలన్న ఎప్పుడన్న కాదన్నరా అని అడిగింది.

అన్నరు, ఎందుకనలే అన్నది గుర్వమ్మ. కాదనెటోడు లేచి కొప్పెర పెట్టుకోని నిలబడాలె. బండారి కూసున్నోళ్లకే పెడ్తరు, నిలబడ్డోనికి పెట్టరు. పొద్దు గూకేదాంక వాడు కూసోకపోతె ఆ మాట పడిపోయినట్టే, మల్ల బీరప్ప పండుగ దాంక దాన్ని ఎవ్వరు ఎత్తొద్దు. మా మామ ఒక్కపారి నిలబడ్డడు, ఆయన వెనక ఇప్పటిదాంక ఎవ్వడు లేవలే అన్నది.

"గొంగడి నిలబడొచ్చా అత్తా?"

గుర్వమ్మ చేతిల చాట ఆగింది. కోడలి దిక్కు చూసింది, కొప్పెర దిక్కు చూసింది. అరుగు అవతల ఇంట్ల పండుకున్న మొగని దిక్కు చెవి పెట్టింది. తర్వాత గోపమ్మను అడిగింది.

"గంజి ఇంక మిగిలిందానే?"

గుర్వయ్య గొంగడి పాతది. వానలకు, ఎండలకు అరిగి మెత్తబడ్డది, ఎంత గంజి పెట్టినా తాగుతాంది గని గట్టిపడ్తలేదు. ముగ్గురు కలిసి పూతల మీద పూతలు పెట్టిండ్రు. శనివారమంత ఎండల గుంజి కట్టి, బోర్ల తిప్పి మల్ల పెట్టిండ్రు. గుర్వయ్య చెలక నుంచి వచ్చుకుంట చూసిండు, ఎండకాలంల గొంగడికి గంజెందుకని అడిగిండు. దేవుని ముంగటికి మాసినది పంపుతమా అన్నది గుర్వమ్మ. ఆయన లోపలికి పోయిండు. సమజ్ కాలేదో, సమజై ఊకున్నడో బీరమ్మకు తెలియలే.

*

ఆదివారం బీరమ్మ గొంగడిని మడత పెట్టలే. పలక లెక్క నెత్తి మీద పెట్టుకోని నడిచింది. తొవ్వల గాలొస్తె ఆమెను పక్కకు గుంజుతాంది. ఒక్కో అడుగుకు ఒక్కో ఆలోచన. ఇది నిలబడకపోతె నవ్వుల పాలు. నిలబడితె కంచె. మందల మొన్ననే ఈనిన గొర్లున్నయని ఐలేశం కబురు పంపిండు. సగం తొవ్వల ఆమె ఆగింది కూడ. కాని గంపను జరిపిన కర్ర యాదికొచ్చింది, మల్ల నడిచింది.

బీరప్ప గుడి ముంగట గీత గీసి ఉన్నది. నలుగురు పెద్దలు కూసున్నరు. కురుమయ్య నడుమల, తెల్లటి రుమాలు చుట్టుకోని, నవ్వు మొఖంతోని. చెడ్డ మనిషి అంటె నమ్మబుద్ధి కాదు. వచ్చినోళ్లందరికి మజ్జిగ పోపిచ్చే మనిషి. మీ మామ మోకాలెట్లున్నది బిడ్డా, గొంగడి పరిచి నువ్వు గూడ మజ్జిగ తాగుపో అన్నడు.

బీరమ్మ చెప్పులు ఇడిచి గీత లోపలికి పోయింది. గొంగడిని నడుమకు మడిచింది. గంజి పెటపెటమన్నది. మూల ముడిచి ముల్లు గుచ్చింది, గుచ్చెటప్పుడు వేలుకు దిగింది. కొప్పెరను మామ జాగల దేవుని దిక్కు మొఖం చేసి నిలబెట్టింది. చేతులు తీసింది. జర ఊగింది. ఊగి, ఆగి, నిలబడ్డది.

బీరమ్మ గీత బయటికొచ్చి నిలబడ్డది.

ముందుగాల నవ్విండ్రు. చుట్టు మూగిన జనం నవ్విండ్రు, పెద్దలు నవ్విండ్రు, మైసయ్య ఎక్కువ నవ్విండు. పెద్దలల్ల మల్లన్న అని ఒక ముసలాయన ఉన్నడు, ఇంకో చిన్న ఊరాయన. ఆయన నవ్వు ముందుగాల ఆగింది. "నవ్వకుండ్రి. గుర్వయ్య నిలబడ్డడు," అన్నడు.

అప్పుడు అందరికి అర్థమైంది. పూజారి బండారి సంచి పట్టుకోని వచ్చెటాయన వచ్చినట్టే ఎనక్కు పోయిండు. మైసయ్య కొప్పెరను వంచబోతె మల్లన్ననే వద్దన్నడు. గీత లోపల ఒకరి గొంగడి ఇంకొకరు ముట్టొద్దు. ముడితె మనిషి మీద చెయ్యేసినట్టే, అది అందరికి తెలిసిన సంగతే.

కురుమయ్య నవ్వు మొఖం తీయకనే అడిగిండు. "ఇది మీ మామ చెప్పిండా, నువ్వే చేసినవా బిడ్డా?"

"గొంగడి ఆయనది పెద్దయ్యా. ఊరు మాది గూడ," అన్నది బీరమ్మ.

మంచిది, మీ మామనే పిలుద్దం, ఆయనే వచ్చి కూసుంటడు అని కురుమయ్య మైసయ్యను గుట్టకిందిపల్లెకు తోలిండు. పోయెటోడు పోయినంక నిమ్మలంగ ఆమె దిక్కు తిరిగి, మీ మంద ఇంక రాలేదా అని అడిగిండు. బీరమ్మ కొప్పెర మీదనే చూపు పెట్టింది.

ఎండ నెత్తి మీదికొచ్చింది. బీరమ్మ నీడకు పోలే. పోతె ఎవలన్న గొంగడిని వంచుతరేమోనని భయం. రామచంద్రం అంగడి షెడ్డు నుంచి తమాషా చూడొచ్చిండు, ఆమె పక్కన గొడుగేసుకోని నిలబడ్డడు. జెనీవాల గూడ ఒక్కరు కాదంటె ఆగుతదా అని బీరమ్మ అడిగింది, ఏదో ఒకటి మాట్లాడకుంటె నిలబడలేక.

"ఆగుతదట. కాని ఎవడంటడు? అక్కడ గూడ ఎవని కంచె వానికున్నది," అన్నడాయన.

గుర్వయ్య వచ్చిండు. కర్ర పట్టుకోని, కుంటుకుంట, చెమటలు కారుకుంట. ముంగట మైసయ్య. బీరమ్మ మామ మొఖం చూసింది, ఆయన చూపు ఆమె మీదికెల్లి, ఒక రాయి మీదికెల్లి పోయినట్టే, పోయింది. ఆడోళ్లు చేసిన తలతిక్క పనికి నన్ను నడిపిచ్చిండ్రని తొవ్వ పొడుగున తిట్టుకుంట వచ్చిండని మైసయ్య అందరికి వినేటట్టు చెప్పిండు. అయిపోయింది అనుకున్నది బీరమ్మ. ఆయన కూసునేటందుకే వచ్చిండు. గన్ని పూతలు, గంత ఎండ, అంత ఉత్తదే. ఏడుపొచ్చింది, ఏడ్వలే. నోట్ల కొంగు పెట్టుకున్నది.

గుర్వయ్య చెప్పులిడిచి గీత లోపల అడుగు పెట్టిండు. కురుమయ్య మొఖం ఇప్పారింది. లేచి ఎదురొచ్చి, "దా బావా, దా. ఎండల పడి వచ్చినవ్, కూసో," అనుకుంట ఒక చెయ్యి చాపిండు. రెండో చెయ్యిని, ఏం ఆలోచన లేకుంటనే, కొప్పెర నెత్తి మీద పెట్టి కిందికి ఒత్తిండు. మనోడే గదా, వచ్చిండు గదా, ఇంకేమున్నది అన్నట్టు. గంజి పటపట పలిగింది. గొంగడి సగానికి కుంగింది.

గుర్వయ్య ఆగిండు.

కురుమయ్య చేతిని చూసిండు. ఆ చెయ్యి ఇంక గొంగడి మీదనే ఉన్నది. ఆవును సముదాయించినట్టు రెండు దెబ్బలు తట్టింది కూడ.

"చెయ్యి తియ్యి కురుమయ్యా," అన్నడు గుర్వయ్య.

బావ అనలే. కురుమయ్యకు ముందుగాల అర్థం కాలె. చెయ్యి తీసి రుమాలు సర్దుకున్నడు, గొంగడే గదా బావా అన్నడు.

"ఇన్నేండ్లు నా గొంగడి మీద బండారి చల్లిపిచ్చినవ్, నేనే అనుకోని చల్లిపిచ్చినవ్. ఇయ్యాల గొంగడే గదా అంటున్నవ్. నేను కూసుంటనో లేదో నన్ను అడగవా?"

ఆయన వంగి కుంగిన కొప్పెరను ఎత్తిండు. దులిపిండు. నడి ఎండల నెత్తికెల్లి కప్పుకున్నడు. కర్ర నేలకు ఆనిచ్చి, తన జాగల, దేవుని దిక్కు మొఖం పెట్టి నిలబడ్డడు.

బీరమ్మ నోట్ల కొంగు జారిపోయింది.

కురుమయ్య సముదాయించిండు. మంచిగ చెప్పిండు, మల్లన్నతోని చెప్పిపిచ్చిండు. చివరికి కంచె మాట గూడ తీసిండు, ఇప్పుడు దాపరికం లేదు, బాజాప్త అందరి ముంగట. మంద కంచెలకు రాదు మరి, తర్వాత నన్ననొద్దు అన్నడు. గుర్వయ్య తల తిప్పలే. ఐలేశం గుట్ట సుట్టు తోలుకొస్తడు, పిల్లలను మేం పోయి ఎత్తుకొస్తం అన్నడు. అన్నది గంతే, మల్ల మాట్లాడలే.

ఇగ మిగిలింది పొద్దు ఒక్కటే. కురుమయ్యకు అది తెలుసు, అందుకే ఎవ్వరిని లేవనియ్యలే. ముసలి కాలు ఎంతసేపు నిలుస్తది? మజ్జిగ తెప్పిచ్చి అందరికి పోపిచ్చిండు. గుర్వయ్య ముంగట గూడ చెంబు పెట్టిచ్చిండు, కింద, నేల మీద. వంగితె కూలబడుతడని. గుర్వయ్య దాని దిక్కు చూడలే.

బీరమ్మ చూసుడు తప్ప ఏం చేయలేదు. గుర్వయ్య చెమట గడ్డం మీదికెల్లి కారుతాంది. మంచి కాలు మీద బరువేసి, అది గుంజితె నొప్పి కాలు మీద వేస్తాండు, పండ్లు కొరుకుతాండు. మోకాలు వణుకుడు ధోతి మీదికెల్లి కనబడ్తాంది. ఒక్కపారి కర్ర జారింది. జనమంత అయ్యో అన్నరు, ఆయన కర్రను మల్ల పట్టుకున్నడు. గీత బయటోళ్లు భుజమియ్యొద్దు, నీళ్లియ్యొద్దు, గీత దాటొద్దు. కూసో మామా అని అరవాలనిపిచ్చింది. కూసోకు మామా అని గూడ అనిపిచ్చింది. నిలబెట్టింది తనే, ఆయనకేమన్న అయితె అత్తకు మొఖమెట్ల చూపాలె? ఆ ముసలాయన మీద తనకు గంత పావురం, గంత ప్రేమ ఉన్నదని బీరమ్మకు గా దినమే తెలిసింది. గీత అంచున కాలి బొటనవేలు పెట్టి నిలబడ్డది. ఒక్క జాగల ఉండలేక గీత సుట్టు తిరిగింది, తిరిగి మల్ల ఆయనకు కనబడే దిక్కు వచ్చి ఆగింది.

నీడలు పొడుగైనయి. గుడి నీడ వచ్చి గుర్వయ్య కాళ్ల మీద పడ్డది, తర్వాత నడుము మీద. జనం పలచబడలే, ఇంక పెరిగింది. మందలపురం ఆడోళ్లు గూడ వచ్చి గోడల కాడ నిలబడ్డరు. ఎవ్వరు నవ్వుతలేరు. కురుమయ్య రుమాలు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నడు. పొద్దు దిక్కు ఒక్కపారి, గుర్వయ్య మోకాలు దిక్కు ఒక్కపారి చూస్తాండు.

పొద్దు గుట్ట ఎనక్కు దిగింది.

పూజారి బండారి సంచి మూతి కట్టి గుడి లోపలికి తీస్కపోయిండు. మల్లన్న లేచి, నూలు మాట పడిపోయింది, మల్ల పండుగ దాంక ఎవ్వరు ఎత్తొద్దు అని మూడు దిక్కుల వినబడేటట్టు చెప్పిండు. పెద్దలు లేచి గీత తుడిచిండ్రు. కురుమయ్య ఎవ్వరితోని మాట్లాడకుంట పోయిండు.

గీత లేదు ఇగ. బీరమ్మ ఉరికి పోయి మామ చంక కింద భుజం పెట్టింది. ఆయన బరువంత ఒక్కపారి ఆమె మీద పడ్డది, ఇద్దరు పడబోయి ఆగిండ్రు. కొప్పెర కింద ఆయన ఒళ్లు పొయ్యి లెక్క కాలుతాంది. రామచంద్రం షెడ్డుల నుంచి మంచం తెస్తనన్నడు.

"జర కూసో మామా," అన్నది బీరమ్మ.

గుర్వయ్య కురుమయ్య పోయిన దిక్కు చూసిండు.

"ఈ ఊర్ల వద్దు బిడ్డా. ఇంటికి పోయి కూసుంట," అన్నడు.